మధ్యాహ్నం పాలకు సరిపడా చార్జింగు

ఆ బండి మీద నాకు మొదటి రోజు నుంచీ నమ్మకం లేదు. నమ్మకమంతా మా ఆయనకే. పార్వతీపురంలో మా పుట్టింటికి వెళ్ళినప్పుడు, బజారులో కొత్తగా తెరిచిన షాపు ముందు వరసగా నిలబెట్టిన ఎలక్ట్రిక్ బండ్లు చూసి అక్కడే ఆగిపోయాడు. అన్నిట్లోకీ చవకది చూపించమన్నాడు. లైసెన్సు అక్కర్లేదు, పెట్రోలు అక్కర్లేదు, రిజిస్ట్రేషను అక్కర్లేదు అని షాపులో మనిషి ఏకరువు పెడుతుంటే మా ఆయన ముఖం వెలిగిపోయింది. నేను ఒక్కటే అడిగాను, కొండ ఎక్కుతుందా అని.

"ఎక్కకేటండి మేడం, మీరు కూసోడమే లేటు" అన్నాడతను.

ఆ బజారంతా చదునుగా ఉంది కాబట్టి అతని మాట చెల్లిపోయింది. మా ఆయన వీధి చివరిదాకా నడిపి తిరిగొచ్చి, "చప్పుడే లేదు" అన్నాడు మురిసిపోతూ. చప్పుడు లేకపోవడం నిజమే. కొండ మధ్యలో ఆగిపోయినప్పుడు కూడా అది చప్పుడు చెయ్యకుండానే ఆగిపోయేది.

నేను అరకు దగ్గర కొండమీద సబ్ సెంటర్‌లో కాంట్రాక్టు ఏఎన్ఎంని. గర్భిణులకు పరీక్షలు, పిల్లలకు టీకాలు, జ్వరం వచ్చినవాళ్ళకి రక్తపు చుక్క తీసి మలేరియా ఉందో లేదో చూడటం నా పని. అక్కడ నర్సు కోసం కట్టిన క్వార్టరు పైకప్పు ఎప్పుడో కుంగిపోయింది. అందులో ఎవరివో మేకలు ఉంటాయి. అందుకని మేం అరకులో, రైల్వే స్టేషనుకి అవతల, వరసగా ఉన్న రేకుల గదుల్లో ఒకటి అద్దెకి తీసుకున్నాం. మా ఆయన లారీ డ్రైవరు. కూరగాయలో, కాఫీ గింజలో వేసుకుని ఘాట్ రోడ్డు దిగాడంటే మళ్ళీ ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. ఇంట్లో ఉండేది నేనూ, మా అత్తా, మా పాపా. పక్కగదిలో కొండమీది నుంచి దిగొచ్చిన జంట ఒకటి ఉండేది. అతను ఏదో లాడ్జిలో పనిచేసేవాడు. ఆమెకి పాకే వయసు కొడుకు. నాతో ఎక్కువ మాట్లాడేది కాదు గానీ కుళాయి దగ్గర మా అత్తకీ ఆమెకీ కబుర్లు తెగేవి కావు.

పాప పుట్టక ముందే నాకు కాళ్ళు వాచి, బీపీ పెరిగి, సెలవులో పెద్ద ముక్క మంచం మీదే కరిగిపోయింది. మిగిలిన సెలవు పాప మెడ నిలిపేసరికి అయిపోయింది. డ్యూటీలో చేరమని ఫోనొచ్చినప్పుడు పాప నా కొంగు గుప్పిట్లో పట్టుకుని పాలు తాగుతోంది. అవతల మాట్లాడుతున్న ఆవిడకి "అలాగేనండి" అని చెప్పి, ఫోను పెట్టేసి, కొంగు విడిపించుకోలేక ఏడ్చాను.

మా డ్యూటీకి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోనులో ముఖం చూపించి హాజరు వేసుకోవాలి. ఆ రెండూ సెంటరు వరండాలోనే జరగాలి. వేరేచోట అయితే నా ముఖం నాది కాదంటుంది ఆ ఫోను. కాంట్రాక్టు ఏటేటా మళ్ళీ రాయాలి, హాజరు సరిగ్గా లేనివాళ్ళది రాయరు. పైకి వెళ్ళే బస్సు పొద్దెక్కాక ఒకసారి, పొద్దు వాలాక ఒకసారి వస్తుంది. జీపులు శుక్రవారం సంతకే తిరుగుతాయి. ఈ రెండు హాజర్ల మధ్య మా పాప ఆకలి ఉంది.

పాపని వెంట తీసుకెళ్ళొచ్చుగా అని అందరూ అన్నారు. ఒకసారి వీపుకి కట్టుకుని తీసుకెళ్ళాను. మంచులో ప్రయాణం, ఆ పైన సెంటరుకి వచ్చేవాళ్ళంతా దగ్గులవాళ్ళూ జ్వరాలవాళ్ళూ. ఆ వారమే పాపకి జలుబు రొమ్ముకి పట్టి, ఊపిరి తీస్తుంటే పిల్లికూతలు వినిపించాయి. మళ్ళీ ఆ సాహసం చెయ్యలేదు. పాలు పిండి ఉగ్గుగిన్నెలో పోసి ఇస్తే ఉమ్మేసేది. సీసా నోటికి తగిలితే చాలు, ముఖం ఎర్రగా చేసుకుని గుక్కపట్టేది. అదీగాక, ఆరు నెలలు తల్లిపాలు తప్ప చుక్క నీళ్ళు కూడా పట్టకూడదని కొండ కొండా తిరిగి చెప్పే మనిషిని నేను. నా పిల్లకి డబ్బా పాలు పడితే ఆ మాట ఇంకెవరితో చెప్పను?

అందుకే ఆ బండి. మధ్యాహ్నం అన్నం వేళ కిందకి దిగి పాలిచ్చి మళ్ళీ పైకి వెళ్ళిపోవాలని మా పథకం. మాట్లాడుకుంటున్నప్పుడు చాలా తేలిగ్గా అనిపించింది.

బండి ఇంటికొచ్చాక వచ్చిన ఆదివారం మా అత్త పట్టుబట్టి పాస్టరుగారిని పిలిపించింది. ఆయన సీటు మీద చెయ్యి పెట్టి, రాకపోకల్లో ఈ బిడ్డని కాపాడమని ప్రార్థన చేశారు. అత్త అందరికంటే గట్టిగా ఆమెన్ చెప్పింది. నేను మాత్రం ఒక కన్ను తెరిచి మీటరు వైపు చూస్తున్నాను. చార్జింగు గీతలు నిండుగా ఉన్నాయి.

మా ఇంటి నుంచి దారి కొంతదూరం చదునే. ఆ తర్వాత ఒక గుట్ట ఎక్కి దిగాలి. దాన్ని చిన్న మెట్ట అంటారు. దాని అవతల వాగు, వాగు మీద వంతెన, అక్కడి నుంచి అసలు కొండ. చదును మీద బండి బుద్ధిగా పోయేది. కొండ మొదలవగానే ఎద్దు మొండికేసినట్టు వేగం తగ్గిపోయి, చివరికి బడికి నడిచి వెళ్తున్న పిల్లలు నన్ను దాటిపోయేవాళ్ళు. మలుపుల దగ్గర నేను దిగి, యాక్సిలేటరు తిప్పుతూ పక్కనే పరిగెత్తాలి. దాని బరువు అది మోసుకుంటుంది, నా బరువు నేను మోసుకుంటాను. "సిస్టరమ్మా, బండిని నువ్వు తోల్తన్నావా, నిన్ను అది తోల్తందా?" అని కాఫీ తోటల్లోంచి ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. మొదట్లో నేనూ నవ్వాను.

మీటరు సంగతి మరీ దారుణం. ఎక్కుతుంటే ఒక్క గీత చూపించేది. కాస్త చదును తగలగానే మళ్ళీ మూడు గీతలు చూపించి ఊరించేది. అంత అబద్ధాలకోరు వస్తువుని నేను నా జన్మలో చూడలేదు. అది ఏ గీత చూపించినా నిజం ఒక్కటే. ఒకసారి కొండ ఎక్కితే దానికి ఊపిరి అయిపోతుంది. మధ్యాహ్నం దిగి మళ్ళీ ఎక్కాలంటే, పొద్దున్నుంచీ సెంటరులో చార్జింగు పెట్టాలి. చార్జింగు ఎక్కాలంటే కరెంటు ఉండాలి. కొండమీద కరెంటు ఉండాలంటే గాలి వీచకూడదు, వాన పడకూడదు, ఏ కొమ్మా తీగ మీద వాలకూడదు.

కాబట్టి నా రోజంతా ప్లగ్గు మీద వెలిగే ఎర్రదీపం వైపు చూడటంతోనే గడిచేది. ఎవరికో బీపీ చూస్తూ కూడా ఒక కన్ను దాని మీదే. దీపం ఆరిందా, లేచి వెళ్ళి ప్లగ్గు ఊపి చూసేదాన్ని. అప్పుడు రెండే దారులు. కిందకి దిగితే పాపకి పాలు దొరుకుతాయి, సాయంత్రం హాజరు పోతుంది. పైనే ఉంటే హాజరు దొరుకుతుంది, పాప ఏడుస్తుంది. దీపం ఆరని రోజున మాత్రం మధ్యాహ్నం కొండ దిగుతూ నాలో నేనే పాడుకునేదాన్ని. పాప నన్ను చూసి కాళ్ళూ చేతులూ ఆడించేది. తాగుతూ తాగుతూ మధ్యలో ఆగి నా ముఖంలోకి చూసి నవ్వేది, పాలు బుగ్గ మీదుగా కారిపోయేవి. ఆ కాసేపటి కోసం ఆ దరిద్రపు బండికి నేను దండం పెట్టుకోవడానికైనా సిద్ధంగా ఉండేదాన్ని.

కాఫీ పళ్ళు కోసే రోజులు వచ్చాయి. కొండ మీద తల్లులంతా తోటల్లోకి వెళ్ళిపోతారు, పిల్లలు ముసలమ్మల చేతుల్లో ఉంటారు. ఒక ముసలమ్మ సెంటరు వరండాలో కూర్చుని, మా పాప ఈడు మనవరాలికి చోడి అంబలి వేలితో నాకిస్తోంది. నాకు ఒళ్ళు మండింది.

"ఏం చేస్తున్నావమ్మా? ఆరు నెలలు నిండకుండా అంబలా? పేగులు పాడైపోతాయి. తల్లి పాలే పట్టాలని ఎన్నిసార్లు చెప్పాను?"

ముసలమ్మ వేలు చీర అంచుకి తుడుచుకుంది. "తల్లి కాపీ కోతకెల్లింది సిస్టరమ్మా. ఇది ఏడుత్తాది. నానేటి ఎట్టాలి మరి?"

"తల్లి మధ్యలో వచ్చి ఇవ్వాలి."

"నీకూ పాలు తాగే గుంటున్నాది గదా. అది ఇప్పుడేటి తాగుతాది?"

ఆమె వెటకారంగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. "మధ్యాహ్నం నేను వెళ్ళి ఇచ్చి వస్తాను. రోజూ" అన్నాను. ఆమె ప్లగ్గుకి తగిలించిన బండిని కిందనుంచి పైదాకా చూసి, "ఇది తీసుకెల్లి తెత్తాదా?" అంది. తెస్తుందని చెప్పాను. అంత గర్వంగా ఎందుకు చెప్పానో నాకు తెలియదు. ఆ మధ్యాహ్నం కరెంటు ఉంది, వెళ్ళొచ్చాను కూడా.

ఆ తర్వాత చలి ముదిరింది. అరకు చలి సంగతి చూడటానికి వచ్చేవాళ్ళకి ఒకలా ఉంటుంది, బతికేవాళ్ళకి ఒకలా ఉంటుంది. పొద్దున్నే గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు కనిపిస్తుంటే టూరిస్టులు ఫొటోలు తీసుకుంటారు. నా బండికి ఆ చలిలో నడుం లేవదు. బ్యాటరీ నిండుగా ఉందని మీటరు చెప్పినా కొండ సగంలోనే నీరసపడిపోయేది. బ్యాటరీ పెట్టె ఊడదీసి ఇంట్లోకి తెచ్చి చార్జింగు పెట్టుకునే బండి అది. ఓ సాయంత్రం పెట్టె లోపలికి తెస్తూ, "చలికి దీనికి సత్తువ ఉండట్లేదత్తా. ఇలా అయితే మధ్యాహ్నం రాలేను" అన్నాను. విసుగులో అన్న మాట అది. మా అత్త పెట్టెని చేత్తో తడిమి చూసింది.

మా అత్తకి చలికాలంలో తెలిసిన వైద్యం ఒక్కటే, కుంపటి. పాపకి తలంటినా కుంపటి, తన మోకాళ్ళకి కుంపటి, ఆరని బట్టలకి కుంపటి. తెల్లవారుతుండగా నాకు మెలకువ వచ్చేసరికి ఏదో ప్లాస్టిక్ కమురు వాసన. చూస్తే, గోడవార కుంపటి నిండా నిప్పులు. దాని పక్కనే నా బ్యాటరీ పెట్టె, పాప రగ్గు చుట్టబెట్టి, పసిపిల్లని పడుకోబెట్టినట్టు బోర్లా పెట్టి ఉంది. మా అత్త పక్కన కూర్చుని రగ్గు అంచు సర్దుతోంది.

మంచం మీద పాప నిద్రపోతోంది. రగ్గుతో సహా పెట్టె ఎత్తుకుని బయటికి పరిగెత్తి వాకిట్లో దూరంగా పడేశాను. చేతులు కాలాయి. పెట్టె ఒక పక్క ఉబ్బిపోయి ఉంది.

"ఏటి సేశావత్తా? పేలిపోతే? పాప పక్కనే ఉంది!"

మా అత్త గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "సలికి దానికి సత్తువ నేదని నువ్వే సెప్పావు గదే అమ్మీ. కూసింత ఎచ్చగా ఉంటే, మద్దేన్నం గుంట కాడికి బేగి వత్తావనుకున్నాను."

ఆమెని ఏమని తిట్టను? నిద్ర మానుకుని నా బ్యాటరీకి కాపలా కూర్చుంది. పాపకి కప్పే రగ్గు తీసి దానికి కప్పింది. ఆమె కళ్ళు తుడుచుకుంటూ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

షాపుకి ఫోను చేస్తే, ఉబ్బిన బ్యాటరీ వాడకూడదు, కొత్తది తెప్పిస్తాం, అందాకా బండి ఆపెయ్యండి అన్నారు. ఆపేసి నేనెలా వెళ్ళాలో చెప్పలేదు. నేను వాడాను. చార్జింగు మాత్రం వాకిట్లోనే పెట్టేదాన్ని, ఎవరినీ దగ్గరికి పోనిచ్చేదాన్ని కాదు. అది చచ్చీ చెడీ పొద్దున ఒక్కసారి పైకి చేరేది. అందులోనూ సగం కొండ నేనే తోసేదాన్ని. పగలంతా చార్జింగు పెడితే సాయంత్రం చిన్న మెట్ట దాటి ఇంటికి రావడానికి సరిపోయేది. మధ్యాహ్నం పాలకి ఇక చార్జింగు లేదు.

నాకు బాగా గుర్తున్నది ఆ మధ్యాహ్నాలే. పన్నెండు దాటాక రొమ్ములు రాయిలా గట్టిపడి జ్వరం వచ్చినట్టుండేది. తలుపు వేసుకుని చేతుల్ని కడిగే సింకులో పాలు పిండేసేదాన్ని. కుళాయి తిప్పితే తెల్లగా గుండ్రంగా తిరిగి కన్నంలోకి పోయేవి. అక్కడ నా పిల్ల ఆకలికి ఏడుస్తుంటే ఇక్కడ నేను పాలు కాలవపాలు చేస్తున్నాను. గోడ మీద నేనే అంటించిన పోస్టరులో తల్లి నవ్వుతూ బిడ్డకి పాలిస్తోంది. దాన్ని చింపెయ్యాలనిపించేది. ఉద్యోగం మానేద్దామా అంటే మా ఆయన లారీ సంపాదన లారీకే సరిపోయేది. దేవుణ్ణి అడిగాను. పార్వతీపురం షాపుని రోజూ అడిగాను. ఇద్దరూ ఓపిక పట్టమన్నారు.

కొన్నాళ్ళకి నాకొక వింత కనిపించింది. సాయంత్రం ఇంటికి రాగానే మునుపు మీదపడి తాగే పాప, ఇప్పుడు నింపాదిగా నాలుగు గుక్కలు తాగి ఆడుకునేది. పగలు ఏడవడం లేదా అని అడిగితే మా అత్త "కూసింత ఉగ్గు దిగతంది" అనేది, నా వైపు చూడకుండా. ఊళ్ళో అందరికీ వద్దని చెప్పేదాన్ని, మా ఇంట్లో కాదనలేకపోయాను; అలవాటు పడిందనుకున్నాను. సంతోషించాను కూడా.

ఒకరోజు మా మీటింగు కొండమీద కాకుండా కిందే, పీహెచ్‌సీలో జరిగింది. ఆ రోజు హాజరు వాళ్ళే వేసుకుని మధ్యాహ్నానికే వదిలేశారు. ఎన్నాళ్ళకో పగటిపూట పాలిద్దామని బండి మీద వచ్చాను. అది చదునులో చప్పుడు లేకుండా వస్తుంది కదా, నేనొచ్చినట్టు ఎవరికీ తెలియలేదు. పక్కగది మెట్టు మీద ఆమె ఎండలో కూర్చుని ఉంది. ఒక మోకాలి మీద ఆమె కొడుకు, ఒళ్ళో మా పాప. పాప ఆమె దగ్గర పాలు తాగుతోంది. ఒక చెయ్యి ఆమె జాకెట్టు అంచుని పట్టుకుని ఉంది. మా అత్త పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

నాలో ఏది లేచిందో చెప్పలేను. వెళ్ళి పాపని లాక్కున్నాను. పాప గుక్కపెట్టింది. జబ్బులు అంటుకుంటాయని, పరీక్షలు లేకుండా ఒకరి పాలు ఒకరికి పట్టకూడదని, చదువు లేకపోతే ఇంతేనని, నోటికి వచ్చినదంతా అన్నాను. నేర్చుకున్న మాటలన్నీ వాడుకున్నాను. నా కడుపుమంటకి అవి బాగా పనికొచ్చాయి.

ఆమె కొంగు సర్దుకుని, మెల్లగా అంది. "ఏడుత్తాంది గదా సిస్టరమ్మా. నాకాడ పాలున్నాయి, ఇచ్చినాను. మా కొండ మీద తల్లి అడవికెల్తే పక్కింటిది ఇత్తాది. అడగక్కర్నేదు."

"మా పాపకి అక్కర్లేదు. ఇంకెప్పుడూ ముట్టుకోవద్దు" అన్నాను.

మా అత్త చిక్కుడుకాయల చేట అలాగే పట్టుకుని నిలబడింది. పక్కగది ఆమె తన కొడుకుని చంకనెత్తుకుని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

మర్నాడు పొద్దున నేను కొండ ఎక్కేసరికే గాలి మొదలైంది. సెంటరులో కరెంటు లేదు. ప్లగ్గు పెట్టి చూశాను, దీపం వెలగలేదు. తీగ ఎక్కడో తెగిందన్నారు. మధ్యాహ్నం ఆగలేక మా అత్తకి ఫోను చేశాను. ఆమె మాట కంటే ముందు పాప ఏడుపు వినిపించింది. ఆ ఏడుపు వినగానే నా జాకెట్టు తడిసిపోయింది.

"నువ్వెల్లిన కాణ్ణించీ ఇదే వరస. ఉగ్గు పడతంటే ఉమ్మేత్తంది. గొంతు జీరపోనాది" అంది మా అత్త. "నువ్వొద్దన్నావని పక్కదాన్ని అడగనేదు. అడగమంటావా?"

అడగమని ఒక్క మాట అంటే చాలు. ఆమె తలుపు మా తలుపుకి చేతి దూరంలో ఉంది. నా పాలు ధారగా కారిపోతుంటే, వేరే ఆమె దగ్గరికి తీసుకెళ్ళమని నా నోటితో నేను చెప్పలేకపోయాను. "నేనే వస్తున్నాను" అన్నాను.

హాజరు సంగతి ఆలోచించలేదు. కొండ దిగడానికి బండికి కరెంటు అక్కర్లేదు, బ్రేకులుంటే చాలు. వంతెన దాటాను. చిన్న మెట్ట మొదలైంది. కొంతదూరం ఎక్కి, ఎప్పటిలాగే చప్పుడు లేకుండా ఆగిపోయింది. ఆపి, తిప్పి, మళ్ళీ తిప్పాను. మీటరు చీకటైపోయింది. తోశాను. తోస్తే రెండడుగులు ముందుకి, అడుగు వెనక్కి. ఎదురుగాలికి కళ్ళల్లో దుమ్ము. ఒక టూరిస్టు కారు పక్కన ఆగితే ప్రాణం లేచొచ్చింది. అద్దం దించి, బొంగులో చికెను బాగా చేసేది ఎక్కడండీ అని అడిగారు. నన్ను అరకు దాకా దించండి, ఇంట్లో పసిపాప ఏడుస్తోంది అన్నాను. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, లోపల సీట్లు నిండుగా ఉన్నాయన్నారు. నిండుగానే ఉన్నాయి, నేనే చూశాను. అయినా వాళ్ళ కారు వెనకాల చాలాసేపు తిట్టాను.

తర్వాత బండిని రోడ్డు పక్క పడేశాను. తాళంచెవి కూడా తియ్యలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని పరిగెత్తాను, ఆయాసం వచ్చినప్పుడు నడిచాను, మళ్ళీ పరిగెత్తాను. ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది.

ఏడుపు వినపడలేదు. లోపల మా అత్త పాపని భుజం మీద వేసుకుని ఇటూ అటూ తిరుగుతోంది. పాప నోరు తెరిచి ఏడుస్తూనే ఉంది, గొంతులోంచి శబ్దం రావడం లేదు. ముఖం నల్లబడింది. నేను తీసుకుని పాలు అందించాను. పట్టుకుంది. రెండు గుక్కలు మింగి, వెక్కుతూనే నిద్రపోయింది. తాగే ఓపిక కూడా లేదు దానికి. నా పాలు దాని మెడ మీదుగా కారి గౌను తడిసింది. మా అత్త పొడి గుడ్డ తెచ్చి దాని మెడ తుడిచింది. నన్ను తిట్టినా బాగుండేది.

కాసేపటికి వాకిట్లో అలికిడైంది. పక్కగది ఆమె భర్త నా బండిని తోసుకుంటూ వచ్చాడు. లాడ్జి పని మీద అటు వెళ్ళి చూశాడట. మా మెట్టు పక్కన నిలబెట్టి, తాళంచెవి మా అత్త చేతిలో పెట్టి, "సిస్టరమ్మది గదా" అని వాళ్ళ గదిలోకి వెళ్ళిపోయాడు. చెమటతో చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. నిన్న నేను అన్న మాటలు ఆ పల్చటి గోడకి అవతల అతనికి చేరకుండా ఉండవు.

ఆ సాయంత్రం పీహెచ్‌సీ నుంచి ఫోను వచ్చింది. చెప్పకుండా డ్యూటీ వదిలినందుకు సంజాయిషీ ఇవ్వాలన్నారు. మళ్ళీ ఇలా జరిగితే కాంట్రాక్టు పొడిగించేది లేదన్నారు. "జరగదండి" అన్నాను. ఎలా జరగదో అప్పటికి నాకు తెలియదు.

మర్నాడు పొద్దున పాప నా దగ్గర కడుపునిండా తాగింది. గొంతు ఇంకా రాలేదు. బూబూ అని ఏదో అనబోతే గాలి మాత్రం వచ్చింది. మా అత్త నాకు క్యారేజీ సర్దుతూ, నేనేమైనా చెబుతానేమోనని మాటిమాటికీ నా వైపు చూస్తోంది. నేను స్వెట్టరు వేసుకున్నాను, పాపకి టోపీ కట్టాను. కట్టి, ఎత్తుకుని, పక్కగది తలుపు దగ్గరికి నేనే వెళ్ళాను.

తలుపు కొట్టే ముందు ఏమని చెప్పాలో మనసులో కూడబలుక్కున్నాను. మొన్నటి మాటలు మనసులో పెట్టుకోవద్దని, కోపంలో అన్నానని, పాప పగలు ఉండలేకపోతోందని. ఆమె తలుపు తీసింది. నా ముఖం చూసింది, పాప ముఖం చూసింది. నేను నోరు తెరిచేలోపే చేతులు చాచింది. ఆమె గదిలోంచి పొయ్యి పొగ, పిల్లవాడి ఉచ్చగుడ్డల వాసన, పాల వాసన కలిసి వచ్చాయి.

పాపని ఇవ్వడానికి నా చేతులు కాస్త ఆలస్యం చేశాయి. ఆమె ఆగింది, లాక్కోలేదు. చివరికి నేనే ముందుకి వంగి అందించాను. ఆమె పాపని భుజం మీద వేసుకుని వీపు నిమురుతూ, వాళ్ళు ఇంట్లో మాట్లాడుకునే కొండ ఒడియాలో మెల్లగా ఏదో అంది. నాకు అర్థం కాలేదు. పాపకి అర్థమైనట్టుంది, తల ఆమె మెడ పక్కన ఆనించింది.

"ఎల్లండి సిస్టరమ్మా, టైమవుతాది. నా కాడే ఉంటాది గదా" అంది ఆమె.

నేను బండి దగ్గరికి వచ్చి తాళం తిప్పాను. వెనక్కి తిరిగి చూశాను. పాప ఆమె భుజం మీంచి నన్ను చూస్తోంది. నాకోసం ఒక్కసారి ఏడిస్తే బాగుండునని అంతగా కోరుకున్నాను. ఏడవలేదు.